అల్లుడికి ఏ కత్తి?

బావ: దీపావళి పండక్కి అల్లుడికిచ్చేది అతను తన డబ్బు పెట్టి ఎన్నడూ కొనుక్కోని వస్తువై ఉండాలి. నా వాదన అంతే. పెన్సిల్వేనియాలో పుట్టాడు, చిన్నప్పటి నుంచీ తండ్రి వెంట జింకల వేటకి వెళ్తున్నాడు. పనికొచ్చే కత్తులు అతని దగ్గర అరడజను ఉండే ఉంటాయి. మనం ఇంకోటి తెచ్చి ఆ గుట్టలో పడేస్తే ఇచ్చినట్టేముంది? మంచి పనివాడు చేత్తో చేసిన వేటకత్తి, కొమ్ము పిడి, తోలు ఒర, మూడు నాలుగు వందల డాలర్లయినా సరే, ఒక్కటి కొందాం. తీసి చూసుకున్నప్పుడల్లా మా మామగారిచ్చారని అనుకోవాలి.

బావమరిది: తీసి చూసుకున్నప్పుడల్లా అంటున్నావు చూడు, అక్కడే నాకు తేడా కొడుతోంది బావా. అలాంటి కత్తుల్ని ఇక్కడ టెక్సస్‌లో చాలా ఇళ్ళల్లో చూశాను. గాజు బీరువాల్లో ఉంటాయి. తెల్లవారుజామున అడవికి బయల్దేరేటప్పుడు మనిషి నడుముకి తగిలించుకునేది వేరే, గీతలు పడ్డ ప్లాస్టిక్ పిడి కత్తి. వేటకత్తి ఇస్తున్నామని చెప్పి వేటకి వెళ్ళనిది ఇవ్వడమెందుకు? నన్నడిగితే స్వీడన్‌లో మోరా అనే ఊళ్ళో చేసే మోరక్నివ్ కంపానియన్ చాలు. నాలుగంగుళాల అలుగు, తుప్పు పట్టని ఉక్కు, రబ్బరు పిడి, 20 డాలర్లు అటూ ఇటూ. పక్కన మంచి సానరాయి ఒకటి పెట్టు. మిగతా డబ్బుతో అమ్మాయికి చీర కొను.

బావ: చీర సంగతి మీ అక్క చూసుకుంటుంది. ఆ మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా, రోజూ కట్టుకోదు కదా అని పెళ్ళికూతురికి పట్టుచీర మానేసి నూలుచీర పెడతామా? ఏడాదికి రెండుసార్లు బయటికి తీసేదైనా అది పెట్టెలో ఉందన్న తృప్తి వేరు. కానుకని వాడకంతో మాత్రమే కొలవాలంటే నేనొప్పుకోను.

బావమరిది: పట్టుచీర కట్టుకోవడానికి ఓ పెళ్ళో వ్రతమో వస్తుంది. వేటకత్తికి పండగ జింక పడ్డ రోజే. ఆ రోజు కూడా బీరువాలోనే ఉంటే ఇంక దాన్ని కట్టేదెప్పుడు? ఖరీదు పెరిగినకొద్దీ దాన్ని నెత్తుట్లో ముంచడానికి మనిషి వెనకాడతాడు. నాలుగొందల డాలర్ల కత్తి నాకెవరైనా ఇస్తే నేనూ వెనకాడతాను, నీ దగ్గర దాపరికమెందుకు.

బావ: వెనకాడేది నువ్వు. పుట్టుకతో వేటగాడైన కుర్రాడు వెనకాడతాడో లేదో మనకేం తెలుసు? సరే, ఖరీదు గొడవ కాసేపు పక్కన పెడదాం. బక్ 119 అని ఒకటి చూశాను. ఆరంగుళాల అలుగు, నల్ల పిడి, చేతికి అడ్డుగా మెరిసే లోహపు కట్టు. దశాబ్దాలుగా అదే రూపంలో చేస్తున్నారట. నాలుగొందలకి చాలా తక్కువలోనే వస్తుంది. కత్తంటే అలా ఉండాలి. నువ్వు చెప్పే నాలుగంగుళాలది కూరగాయలు తరుక్కునేదానిలా ఉంది.

బావమరిది: జింక పడ్డాక ఏం చేస్తారో చెప్తాను, నువ్వే కొలత తేల్చు. ముందు వెల్లకిలా తిప్పుతాం. పొట్ట దగ్గర చర్మాన్ని చిటికెడు పైకెత్తి చిన్న గంటు పెడతాం. ఆ గంటులోకి ఎడమచేతి రెండు వేళ్ళు దూర్చి, చర్మాన్నీ దాని కిందున్న కండ పొరనీ పైకెత్తి పట్టుకుని, ఆ రెండు వేళ్ళ మధ్య అలుగు పెట్టి, పదును ఆకాశం వైపు ఉండేలా రొమ్ముదాకా కోసుకుంటూ పోతాం. మొన రవ్వంత కిందికి వంగిందా, పొట్టసంచికి చిల్లు పడుతుంది. అందులోని సగం అరిగిన ఆకూ అలమూ మాంసం మీద పడితే ఎంత కడిగినా ఆ వాసన వదలదు. పేగులు పక్కకి తీశాక, రొమ్ముకీ పొట్టకీ మధ్యనుండే పలచటి కండ తెరని చుట్టూ కోయాలి. ఆ తర్వాత మోచేతిదాకా చెయ్యి రొమ్ముగూట్లోకి పెట్టి, తడుముకుంటూ పోయి గొంతుగొట్టాన్ని పట్టుకోవాలి. రెండో చేతిలో కత్తి కూడా లోపలికే పోవాలి. కంటికేమీ కనపడదు. అంతా జారుడు, చలికి వేళ్ళకి స్పర్శ ఉండదు. అక్కడ ఆరంగుళాల మొన ఉంటే అది ముందు తగిలేది గొంతుగొట్టానికో నా మణికట్టుకో చెప్పలేను. మూడున్నర, నాలుగంగుళాలుంటే చూపుడువేలు వెన్ను మీద ఆనించి మొన ఎక్కడుందో వేలితోనే తెలుసుకోవచ్చు.

బావ: భోజనాల వేళ కాకపోబట్టి సరిపోయింది. కొలత నీదే. ఆరంగుళాలు వద్దు. మరి మొన సంగతేంటి? బక్‌కి మొన దగ్గర వెన్ను లోపలికి తీసి ఉంది, బాకులా కనిపిస్తుంది. ఇంకో రకంలో వెన్ను మెల్లగా కిందికి వాలి మొనని కలుస్తోంది.

బావమరిది: ఆ రెండోదే. ఇక్కడ డ్రాప్ పాయింట్ అంటారు. మొన కాస్త కిందికి, అలుగు మధ్యగీతకి దగ్గరగా ఉంటుంది కాబట్టి నేను చెప్పిన మొదటి కోతలో లోపల గుచ్చుకోదు. చర్మం ఒలిచేటప్పుడు ముందున్న గుండ్రటి పదును మొత్తం పనికొస్తుంది. బాకు మొనది గుచ్చడానికి బాగుంటుంది, మనకి గుచ్చే పనేముంది? కొందరు వెన్ను మీద కొక్కెం కూడా పెడతారు, పొట్ట చీల్చడానికి. దానికి పదును పెట్టడం అందరివల్లా కాదు. అది వద్దు.

బావ: డ్రాప్ పాయింట్‌కి అంత పేరు తెచ్చిందెవరో నేనూ చదివాను. బాబ్ లవ్‌లెస్. ఓడల్లో పనిచేసే కుర్రాడు, 1950ల్లో న్యూయార్క్‌లో రాండల్ అనే పనివాడి కత్తి కొనబోతే నెలల తరబడి ఆగాలన్నారట. పాత కారు స్ప్రింగు తీసుకుని తనే చేసుకున్నాడు. 2010లో పోయేనాటికి అతని కత్తులు వేల డాలర్లు పలుకుతున్నాయి. నువ్వు మెచ్చుకునే ఆకారం ఏ కర్మాగారంలోనో పేరు తెచ్చుకోలేదురా, ఓ పనివాడి బల్ల మీద తెచ్చుకుంది. పనివాడి దగ్గర కొందామంటే నీకెందుకంత కష్టం?

బావమరిది: కష్టమేమీ లేదు. లవ్‌లెస్ కత్తిని ఇవాళ జింక మీద వాడే మొనగాణ్ణి ఒక్కణ్ణి చూపించు. నువ్వు నా మాటే బలపరిచావు. వాడుకోవడానికి చేసిన కత్తి, ధర పెరిగేసరికి వాడకం ఆగిపోయింది.

బావ: ఆ ధర వేరు, నేను పెట్టే ధర వేరు. మూడొందల డాలర్ల కత్తిని వేలంపాటల వాళ్ళెవరూ కొనరు. అమెరికాలో చిన్న చిన్న కొట్లు పెట్టుకుని చేత్తో కత్తులు చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ కత్తులు కొనేవాళ్ళలో వేటగాళ్ళూ ఉన్నారు. నువ్వు ఇరవైకీ ఇరవై వేలకీ మధ్య ఏమీ లేనట్టు మాట్లాడుతున్నావు.

బావమరిది: ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. మరి ఆ మూడొందల్లో ఉక్కుకెంత, చూపుకెంత? అది తేల్చు.

బావ: ఉక్కు దగ్గర నా పక్షం గట్టిది. మామూలు కార్బన్ ఉక్కు, అంటే 1095, 52100 రకాలు. మన కొడవళ్ళూ కత్తులూ తరతరాలుగా అలాంటి ఉక్కుతోనే బతికాయి. సానరాయి మీద నాలుగు తోపులు తోస్తే పదునెక్కుతుంది. వాడినకొద్దీ బూడిదరంగు తిరిగి ఎవరి కత్తి వాళ్ళదని తెలిసేలా అవుతుంది. నీ స్టెయిన్‌లెస్‌కి ఆ ముఖవర్చస్సు ఎక్కడిది?

బావమరిది: ముఖవర్చస్సు మొదటి రాత్రే తెలుస్తుంది. నెత్తుట్లో ఉప్పుంటుంది, తేమ ఉంటుంది. చీకటిపడ్డాక జింకని లాక్కొచ్చి, ట్రక్కెక్కించి, ఇంటికి చేరేసరికి మనిషిలో ఓపిక ఉండదు. కత్తిని తుడిచీ తుడవకుండా ఒరలో పెడతాడు. నువ్వు చెప్పే తోలు ఒర ఆ తడిని పీల్చుకుని తెల్లారేదాకా అలుగుకి పట్టి ఉంచుతుంది. పొద్దున తీస్తే నారింజరంగు మచ్చలు. రెండు మూడు రాత్రులు వదిలేస్తే గుంటలు పడతాయి, అవి రాయి మీద పోవు. స్టెయిన్‌లెస్ కూడా ఎప్పటికీ తుప్పు పట్టనిదేమీ కాదు గానీ, అలిసిపోయినవాడి నిర్లక్ష్యాన్ని ఓ రాత్రి కాస్తుంది.

బావ: అయితే ఎస్30వి ఉక్కు చూడు. 2001 ప్రాంతంలో అమెరికాలోనే కత్తుల కోసమని ప్రత్యేకంగా తయారుచేశారు. తుప్పుకీ ఆగుతుంది, పదునూ నిలుస్తుంది. ఖరీదు ఊరికే పెరగలేదు.

బావమరిది: పదును నిలుస్తుంది, నిజమే. అందులో వెనేడియం ఉంటుంది, దాని కార్బైడ్ రేణువులు సానరాళ్ళకన్నా గట్టివి. కాబట్టి ఓసారి మొద్దుబారిందంటే మామూలు రాయి మీద చెమటలు పడతాయి, వజ్రపు పొడి పూసిన పలక కావాలి. వేటగాళ్ళంతా సానపట్టడంలో ఆరితేరినవాళ్ళని అనుకోకు. చాలామందికి రాదు. అందుకే కదా, సర్జన్ల కత్తిలా పలచటి బ్లేడు మార్చుకునే హావలాన్ లాంటివి అంతగా అమ్ముడుపోతున్నాయి. పదును పోతే ఊడదీసి పారేసి కొత్తది తగిలించుకుంటారు. చర్మం ఒలవడానికి వాటంత హాయి ఇంకోటి లేదు. కీలు దగ్గర పక్కకి వంచితే పుటుక్కున విరుగుతుంది, ఆ ముక్క మాంసంలో ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్ని పనులకీ ఒకే కత్తి అంటే అది కాదు.

బావ: చూశావా, తక్కువ ఖరీదు పని అక్కడికి దిగింది. పారేసే బ్లేడు! దాన్ని కానుకగా ఇవ్వమనలేదు, సంతోషం.

బావమరిది: నేనూ అనలేదు కదా. నేను చెప్పేది 12సి27 లాంటి మామూలు స్వీడన్ స్టెయిన్‌లెస్, లేదంటే బక్‌వాళ్ళు వాడే 420హెచ్‌సి. రెండూ చవకే. రాయి మీద త్వరగా పదునెక్కుతాయి. ఉక్కు పేరుకన్నా దాన్ని కాల్చి చల్లార్చిన తీరు ముఖ్యం. బక్‌వాళ్ళ 420హెచ్‌సికి పేరొచ్చింది పాల్ బాస్ అనే ఆయన అందులో పండిపోయినందువల్ల. గొప్ప పేరున్న ఉక్కుని సరిగ్గా కాల్చకపోతే అది ఇనప ముక్కే.

బావ: ఆ మాటకొస్తే ఉక్కు కాల్చడంలో మనవాళ్ళ పేరెత్తకుండా ఎలా? నిజామాబాద్ దగ్గర కోనసముద్రం కమ్మరులు మట్టి మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే సర్వే డాక్టరు అక్కడికెళ్ళి చూసి రాశాడు. డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లా కనిపించే గీతలు ఆ రకం ఉక్కువే. తెలుగు మామగారు అమెరికా అల్లుడికి డమాస్కస్ కత్తి ఇచ్చాడంటే దానికో కథ ఉంటుంది. ఎనభై డాలర్లకే కనిపిస్తున్నాయి కూడా.

బావమరిది: వద్దు బావా, ఆ ఒక్కటీ కొనకు. ఇవాళ ఆ పేరుతో అమ్మేవి రెండు మూడు రకాల ఉక్కు పలకల్ని కలిపి కొట్టి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. కోనసముద్రంలో మూసలో కరిగించి తీసినదానికీ వీటికీ పోలిక చూపులోనే ఉంది. మంచి పనివాడు చేస్తే ఈ రకమూ బాగానే కోస్తుంది, కాదనను. కానీ ఎనభై డాలర్లకొచ్చేదాంట్లో ఏ ఉక్కు కలిపారో, ఎలా కాల్చారో చెప్పే దిక్కుండదు. కథ మనదే, కత్తి మాత్రం మనది కాదు.

బావ: అది నొప్పించింది గానీ, సరే, కొట్టేశాను. కొమ్ము పిడికైతే నువ్వు అడ్డు చెప్పలేవు. కత్తులు చేసే షెఫీల్డ్ వాళ్ళూ సోలింగెన్ వాళ్ళూ ఒకప్పుడు మన కణుజు కొమ్ముల్నే పిడులకి వాడేవాళ్ళు. మన ప్రభుత్వం ఎగుమతి ఆపేశాక దొరకడం కష్టమై ఖరీదెక్కింది.

బావమరిది: చూడ్డానికి దాన్ని మించింది లేదు. ఇప్పుడు జింకల్లో జబ్బు సంగతి విను. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. 1967లో కొలరాడోలో మొదట కనిపించింది, మీ అల్లుడుండే పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. మనుషులకి సోకిన దాఖలా ఇప్పటిదాకా లేదు. అయినా మెదడునీ వెన్నుపామునీ కత్తితో ముట్టుకోవద్దనీ, పని అయ్యాక కత్తుల్ని శుభ్రం చేయమనీ చెప్తారు. ఆ జబ్బుకి మూలమైన ప్రియాన్లు ఉడకబెట్టినా పోవు. మోంటానాలోని రాకీ మౌంటెన్ లేబొరేటరీస్ వాళ్ళు 2019లో తేల్చిందేంటంటే, ఇంట్లో వాడే బ్లీచ్‌ని 40 శాతం కలిపిన నీళ్ళలో 5 నిమిషాలుంచితే స్టెయిన్‌లెస్ తీగల మీద వాటి పని ఖతం. మాంసం తునకలు అతుక్కుని ఉంటే లోపలికి ఎక్కదు, ముందు తోమాలి. ఇప్పుడు చెప్పు, కొమ్ము పిడి కత్తిని బ్లీచ్‌లో ముంచుతావా? కొమ్ముకి సందులూ గరుకులూ ఉంటాయి, కొవ్వు అందులోకి దిగుతుంది. నా రబ్బరు పిడిదాన్ని ముంచి, తీసి, మంచినీళ్ళతో కడిగి ఆరబెడతాను.

బావ: ఇది నేనెక్కడా చదవలేదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కొమ్ము వదిలేశాను. అలాగని రబ్బరుకి దిగను. మైకార్టా ఉందిగా? గుడ్డ పొరల్ని జిగురుతో అదిమి గట్టిపరిచినది. నీళ్ళు తాగదు, పగలదు. తడిసినప్పుడు చేతికి ఇంకా పట్టు ఇస్తుందట. లవ్‌లెస్ కూడా చాలా కత్తులకి అదే వేశాడు.

బావమరిది: మైకార్టాకి నేను చెయ్యెత్తి ఓటేస్తాను. చిన్న షరతు. నారింజరంగుదో ఎర్రదో తీసుకో. నవంబరులో ఆ అడవంతా ఓక్ ఆకులు రాలి గోధుమరంగులో ఉంటుంది. చేతులు తుడుచుకోవడానికి కత్తిని కింద పెట్టి, మళ్ళీ దాని కోసం మోకాళ్ళ మీద ఆకులు కెలుక్కునేవాళ్ళని చూడాలి నువ్వు. చెక్కరంగు పిడి అయితే పక్కనే ఉన్నా కనపడదు.

బావ: నారింజరంగు పిడి! మెకానిక్ షెడ్డులో స్క్రూడ్రైవర్లకుంటుంది ఆ రంగు. అది మాత్రం నావల్ల కాదురా. ముదురాకుపచ్చ తీసుకుంటాను, పిడి చివర కన్నానికి ఎర్ర తాడు కట్టిస్తాను. చాలా?

బావమరిది: చాలు. ఒర?

బావ: తోలు. ఇక్కడ తగ్గను. నువ్వు చెప్పిన తడి సంగతి నిజమే, ఇంటికొచ్చాక కత్తిని ఒరలోంచి తీసి విడిగా ఉంచమని చెప్తాం. మరి ఆ ప్లాస్టిక్ ఒర చప్పుడో? తీసినా పెట్టినా టక్కుమంటుంది. మంచెమీద కొమ్మలా కూర్చుని జింక కోసం గంటలు ఎదురుచూసేవాడికి ఆ చప్పుడు పనికొస్తుందా?

బావమరిది: కత్తి పని జింక పడ్డాక కదా, అప్పుడు చప్పుడైతేనేం అని వాదించొచ్చు. కానీ వాదించను. కుర్చీకి తగిలినా, తుపాకీ మడమకి తగిలినా గట్టి ప్లాస్టిక్ మోగుతుంది, ఆ మోతకి జింక చెవి తిప్పడం నేనూ చూశాను. తోలు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ పాయింటు నీకే.

బావ: హమ్మయ్య, ఒకటైనా దక్కింది. ఇప్పుడు అసలు దానికి రా. అమెరికా కుటుంబాల్లో తాత కత్తి మనవడికి ఇవ్వడం ఉంది కదా? అమ్మాయే చెప్పింది, అల్లుడి నడుముకి ఉండేది వాళ్ళ తాతదేనట, మడతపెట్టే బక్ 110. 1960ల్లో వచ్చిన మోడల్, ఇత్తడి కొసలూ చెక్కపిడీ. నీ ఇరవై డాలర్ల కత్తిని ఏ తాత ఏ మనవడికి దాచి ఇస్తాడు? వస్తువు నిలవాలంటే దాని మీద చూసేవాడికి మమకారం పుట్టాలి. ఆ మమకారం చెక్కలోనూ ఇత్తడిలోనూ ఉంది, అచ్చుపోసిన రబ్బరులో లేదు.

బావమరిది: ఈ సంగతి ముందే చెప్పాల్సింది. బక్ 110 వచ్చిన రోజుల్లో అది వారసత్వపు వస్తువు కాదు బావా. హార్డ్‌వేర్ కొట్లో దొరికే పనిముట్టు. ఆ తాత దాన్ని జేబులో వేసుకుని తిరిగాడు, వాడాడు, పదును అరగదీశాడు. అందుకే మనవడికి ప్రాణమైంది. మనవడి కోసమని కొని బీరువాలో పెట్టి ఉంటే ఇవాళ ఆ కుర్రాడికి దాని మీద మనసుండేదా? నువ్వు వారసత్వాన్ని కొట్లో కొనాలనుకుంటున్నావు.

బావ: కొట్లో కొనే ఉంటాడు ఆ తాత కూడా. తేడా ఏంటంటే, ఆ కాలంలో పనిముట్టుని కూడా ఇత్తడితో, చెక్కతో చేశారు, అందుకే అరవై ఏళ్ళు నిలిచి మనవడి చేతికొచ్చింది. ఇవాళ ఆ నాణ్యత కావాలంటే చేత్తో చేసేవాడి దగ్గరికే వెళ్ళాలి, ఆ ఖరీదే పెట్టాలి. నేను బీరువా కోసం కొనట్లేదు. 2085లో ఆ పిల్లాడి మనవడి నడుముకి ఉండాలని కొంటున్నాను. నీ మోరా అప్పటికి ఉంటుందా?

బావమరిది: ఉండకపోవచ్చు. దాని ఉక్కు పిడి చివరిదాకా రాదు, మధ్యలోనే ఆగిపోతుంది. జింకకి అది చాలు, అరవై ఏళ్ళకి చాలదేమో. చివరిదాకా ఒకే ఉక్కు పలక నడిచే కత్తికి ఆయుష్షు ఎక్కువ, ఒప్పుకుంటాను. మడతది మాత్రం ఎంత ప్రేమున్నా జింక పనికి నేను చెప్పను. ఆ కీలు సందులోకి నెత్తురూ వెంట్రుకలూ కొవ్వూ దూరతాయి, పుల్ల పెట్టి తీసుకోవాలి. అయితే ఇప్పుడు నాకింకో అనుమానం. తాత కత్తి నడుముకి ఉన్న కుర్రాడికి మనం మరో కత్తి ఇస్తే, ఆ తాతది పక్కన పెట్టమని చెప్పినట్టు ఉండదా?

బావ: అది నేనాలోచించలేదు.

బావమరిది: మోరా అయితే ఆ ఇబ్బంది లేదు. తాత కత్తికి పోటీ రాదు. బురద పనికి ఇది, తాతది జేబులో. నువ్వు చెప్పే మూడొందల కత్తి మాత్రం నేరుగా తాతతో తలపడుతుంది.

బావ: తలపడనీ. అతనికి మామగారు కూడా ఉన్నాడని తెలియాలి కదా! నవ్వకు, సగం నిజంగానే అంటున్నాను. పిల్లనిచ్చిన ఇంటికి వాళ్ళ పనుల్లో, వాళ్ళ ఇష్టాల్లో చోటేముంది? జీవితంలో తుపాకీ ముట్టుకోని మనిషిని, వేటని ఇష్టపడని మనిషిని. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం ఇదంతా నేరం. అయినా అతని ఇష్టాన్ని గౌరవిస్తున్నానని చెప్పాలి. ఇరవై డాలర్లతో ఆ మాట వినపడదు.

బావమరిది: వినపడుతుందో లేదో అతనికి వదిలెయ్. వేట ఇష్టంలేని మనిషి నాలుగంగుళాలెందుకో, మొన కిందికెందుకో తెలుసుకుని ఎంచాడంటే, ఆ సంగతి కత్తి చేతిలోకి తీసుకోగానే వేటగాడికి తెలిసిపోతుంది. ధర చీటీ చూడక్కర్లేదు. అసలు ఇంకా అడగాల్సినవి అడగలేదు మనం. అతను కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా? తోలు ఒర కుడివైపుకి కుట్టింది ఎడమచేతివాడికి పనికిరాదు. చేతి పెద్దదనం ఎంత? పిడి నాలుగు వేళ్ళకీ చాలాలి, చేతితొడుగుతో పట్టుకున్నా చాలాలి. అమ్మాయినడుగు.

బావ: ఎడమచేతివాడే. పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు పురోహితుడు మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. చూడు, ఇప్పటిదాకా ఈ సంగతే తలకెక్కలేదు. ఎడమచేతి ఒర కావాలంటే మరి ఎక్కడ దొరుకుతుంది?

బావమరిది: అదొక్కటీ నీ వైపు మొగ్గే సంగతి. చేత్తో చేసేవాళ్ళయితే అడిగితే ఎడమవైపుకి కుట్టి ఇస్తారు. కర్మాగారం ఒరలు చాలావరకు కుడికే. మోరా ప్లాస్టిక్ ఒర మాత్రం ఎటైనా తగిలించుకోవచ్చు.

బావ: అన్నిటికీ చివర ఓ మోరా తగిలిస్తావేంట్రా! ఇంకో చిక్కుంది. మీ అక్క అసలు కత్తి ఇవ్వడమేంటంటోంది. మనకి కత్తి, కత్తెర చేతికియ్యరు. శనివారం ఇనుము కొనరు.

బావమరిది: ఇక్కడివాళ్ళకీ పట్టింపుంది. కత్తి కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందంటారు. అందుకని తీసుకున్నవాడు ఓ సెంటు నాణెం తిరిగిస్తాడు, అప్పుడది కొన్నట్టవుతుంది. మనం పళ్ళెంలో పెట్టి ఇద్దాం, అతను నాణెం పళ్ళెంలో వేస్తాడు. అక్కకీ శాంతి, వాళ్ళకీ శాంతి. ఆర్డరు శుక్రవారం పెట్టు.

బావ: అయితే నాది తేలింది. నాలుగంగుళాలు, డ్రాప్ పాయింట్, పిడి చివరిదాకా ఉక్కు, ఆకుపచ్చ మైకార్టా, ఎడమచేతి తోలు ఒర, ఉక్కు నువ్వు చెప్పిన సులువుగా పదునెక్కే స్టెయిన్‌లెస్‌లోనే. చేసేది పనివాడు. మూడొందలు. ఇందులో పైసా తగ్గించను.

బావమరిది: నేను మేనమామని, నా తరఫున నేను మోరా, సానరాయి పంపిస్తాను. నీ కత్తి మీద నాకిప్పుడు పేచీ లేదు, ధర మీద ఉంది, అది పోదు. కాకపోతే ఒక్క సంగతి గుర్తుంచుకో. పేరున్న పనివాళ్ళు ఆర్డరు తీసుకున్నాక నెలల తరబడి ఆగమంటారు. దీపావళికి చేతిలో ఉండాలంటే ఇప్పటికే చేసి అమ్మకానికి పెట్టినది చూసి, ఒర మాత్రం కొత్తగా కుట్టించు. దీపావళికి అందితే వేటకీ అందినట్టే, పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్ 2019 నుంచీ థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారమే మొదలవుతోంది.